బుధవారం మూడో పీరియడ్

ఆ మిడిల్ స్కూల్లో ఆయన్ని లెక్కల మాస్టారు అనేవాళ్లు తక్కువ. గళ్ల మాస్టారు అంటేనే పిల్లలకైనా పెద్దలకైనా చప్పున తెలిసేది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఎవరు ఏ గంటకు ఎక్కడికి వెళ్లి ఏ పాఠం చెప్పాలో తేల్చే టైంటేబులు ఇరవై ఏళ్లుగా ఆయన చేతి మీదుగానే తయారవుతోంది. పెద్ద అట్ట మీద గళ్లు గీసి, ఒక్కో టీచరుకు ఒక్కో రంగు కాగితం ముక్కలు కత్తిరించి, గుండుసూదులతో గుచ్చి, పీకి, మళ్లీ గుచ్చి, వేసవి సెలవుల్లో సగం దాని మీదే గడిపేవారు. ఇంట్లో భోజనాల బల్ల ఆ అట్టకే అంకితం. భార్య పళ్లెం చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడి తినేది. సెలవులు ఇచ్చేది మా ఆయనకూ కాదు, నాకూ కాదు, మా బల్లకు అని ఆవిడ చుట్టాల దగ్గర వాపోయేది.

కంప్యూటర్లో పెడితే చిటికెలో అయిపోతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే ఆయనకు ఒళ్లు మండేది. సైన్సు టీచరుకు మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయని ఆ కంప్యూటరుకు ఎవరు చెబుతారని అడిగేవారు. సోషల్ టీచరుకూ డ్రాయింగు మాస్టారుకూ ఉప్పూ నిప్పూ. ఒకరి క్లాసు అయిపోయాక ఇంకొకరి క్లాసు అదే గదిలో పడితే గుమ్మంలో ఎదురుపడి ముఖాలు మాడ్చుకుంటారు, ఆ చిరాకంతా పిల్లల మీద చూపిస్తారు. ఇలాంటివన్నీ ఆయన మనసులో ఉంచుకుని, ఎవరికీ చెప్పకుండా, ముక్కలు అటూ ఇటూ జరిపి సర్దేవారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఒకే తరగతికి ఇద్దరు టీచర్లు వెళ్లడం గానీ, ఒక టీచరుకు ఒకే గంటలో రెండు తరగతులు పడడం గానీ జరగలేదు. ఆ మాట చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆయన మెడ కాస్త నిటారుగా అయ్యేది.

ఆ పిచ్చి ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి రైల్వేలో పని చేసేవాడు. స్టేషను చివరున్న కేబిన్‌లో నిలబడి బరువైన లీవర్లు లాగి, వచ్చే బండికి ఒక దారి, పోయే బండికి ఒక దారి చూపించే పని. చిన్నప్పుడు ఈయన క్యారియరు పట్టుకెళ్లి, తండ్రి తినేదాకా మూల కూర్చుని చూసేవాడు. రెండు బళ్లు ఒకదాన్నొకటి తగలకుండా చెరో దారిన వెళ్లిపోతుంటే ఆ పిల్లాడికి కడుపు నిండినట్టుండేది. పెద్దయ్యాక లెక్కలు చదివాడు, టీచరయ్యాడు, పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది, ఆ కూతురికీ పెళ్లయింది. కానీ ఆయన జీవితంలో అంత తృప్తి మళ్లీ టైంటేబుల్లోనే దొరికింది.

ఇక సిఫార్సుల సంగతి. పదకొండు, పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు అటు చిన్నవాళ్లూ కాదు, ఇటు పెద్దవాళ్లూ కాదు, కాబట్టి మిడిల్ స్కూళ్లలో చదువు ఇలా ఇలా ఉండాలని పై నుంచి ఏటా సిఫార్సులు దిగేవి. టీచర్లందరూ వంతులవారీగా శిక్షణకు వెళ్లి, ఒక సంచీ, ఒక పెన్నూ తెచ్చుకునేవారు. ఒక ఏడాది పిల్లల్ని వరసల్లో కాకుండా గుంపులుగా కూర్చోబెట్టమన్నారు. బల్లలన్నీ గుండ్రంగా తిప్పారు. టీచరు మాత్రం యథాప్రకారం బోర్డు దగ్గరే నిలబడి పాఠం చెప్పడంతో, వీపు అటున్న సగం మంది పిల్లలు మెడలు తిప్పి తిప్పి సాయంత్రానికి మెడనొప్పులతో ఇళ్లకు వెళ్లారు. వారం తిరగకుండానే బల్లలు మళ్లీ వరసల్లోకి వచ్చేశాయి. గుండ్రటి బల్లల ఫోటో మాత్రం నోటీసు బోర్డులో నిక్షేపంగా ఉండిపోయింది. ఇంకో ఏడాది, ప్రశ్న అడిగాక పిల్లలు ఆలోచించుకునేలా కాసేపు ఆగమన్నారు. సోషల్ టీచరు ఒక ప్రశ్న అడిగి, ఆగమన్నారు కదా అని ఈలోగా నోటుపుస్తకాలు దిద్దడం మొదలుపెట్టి, తీరా తలెత్తేసరికి తను ఏమడిగిందో తనే మరిచిపోయింది.

గళ్ల మాస్టారు వీటి జోలికి పోలేదు. ఆయన క్లాసులో రోల్ నంబర్ల వరసలో ఎవరి చోటు వాళ్లకు మొదటి రోజే ఖాయం. ఏడాదంతా అక్కడే కూర్చోవాలి. హాజరు పిలవనక్కర్లేదు, ఖాళీగా ఉన్న చోటు చూస్తే ఎవరు రాలేదో తెలిసిపోతుంది. దాంతో రోజూ కొంత సమయం కలిసి వస్తుందని, ఆ సమయంలో ఇంకో లెక్క చెప్పవచ్చని ఆయన వాదన. అదీ నిజమే.

అయితే ఒక్క సిఫార్సు ఆయన మనసును పట్టేసింది. ఒక తరగతికి పాఠాలు చెప్పే టీచర్లందరూ వారానికి ఒక పీరియడ్ కలిసి కూర్చోవాలట. పాఠాల గురించి కాదు, ఆ తరగతి పిల్లల గురించి ఒక్కొక్కరి పేరూ తీసి మాట్లాడుకోవాలట. ముందుగా ఏడో తరగతితో మొదలుపెట్టమన్నారు. ఏడో తరగతికి వెళ్లేది ఆరుగురు టీచర్లు. ఆ ఆరుగురూ ఒకే గంటలో ఖాళీగా ఉండాలి, ఆ గంటలో బడిలో ఏ తరగతీ టీచరు లేకుండా ఉండకూడదు. కుదరదని అందరూ పెదవి విరిచారు. ఆ మాట వినగానే ఆయనకు పంతం వచ్చింది. ఆ వేసవంతా బల్ల దగ్గరే కూర్చుని, ఆఖరికి బుధవారం మూడో పీరియడ్‌లో ఏడో తరగతిని లైబ్రేరియనుకు అప్పగించి ఆరుగురినీ ఖాళీ చేశారు. అట్ట మీద ఆ చోట పసుపు రంగు పూసి, భార్యను పిలిచి చూపించారు. ఆవిడ చాలా బాగుందని, ఇక బల్ల ఖాళీ చేస్తారా అని అడిగింది.

ల్యాబు పక్కన విరిగిన స్టూళ్లు పడేసే చిన్న గది ఒకటుంటే, దాన్ని ఊడ్పించి ఆరు కుర్చీలు వేయించారు హెడ్ మేడమ్. మొదటి బుధవారం ఆరుగురూ వెళ్లి కూర్చుని ఫోటో దిగారు. ఫోటోలో అందరూ బాగా పడేదాకా తీయించుకునేసరికి బెల్లు కొట్టేశారు. ఆ తర్వాతి బుధవారం ఎవరో ఇద్దరు సెలవు పెట్టారు. టీచరు రాకపోతే ఆ క్లాసుకు ఇంకొకర్ని పంపే పని కూడా గళ్ల మాస్టారిదే. పొద్దున్నే ఆయన అట్ట ముందు నిలబడి ఎవరు ఖాళీ అని చూసేవారు. బుధవారం మూడో పీరియడ్‌లో చూడక్కర్లేదు, ఒకే చోట ఆరుగురు దొరికేవారు. ఇద్దరి పేర్లతో సర్దుబాటు చీటీలు రాసి పంపించారు. పై వారమూ అంతే. అంత మంది పని చేసే బడిలో బుధవారం ఎవరో ఒకరు సెలవు పెట్టకుండా ఉండరు. అలా ఆ పీరియడ్ అట్ట మీద పసుపుపచ్చగా వెలుగుతూనే ఉంది, బడిలో మాత్రం ఎన్నడూ జరగలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఎదురెదురుగా కూర్చునే బాధ తప్పిందని సోషల్ టీచరూ డ్రాయింగు మాస్టారూ ఎవరికి వారు లోలోపల సంతోషించారు.

అడిగింది భాషా టీచరు ఒక్కతే. ఆ బడికి వచ్చి రెండేళ్లు కాలేదు. ఆమెకు ఏడో తరగతిలో ఒక పిల్ల గురించి బెంగ.

ఆ పిల్ల బస్టాండు వెనక బట్టలు కుట్టే ఒకావిడ కూతురు. సన్నగా, రెండు జడలతో ఉంటుంది. లెక్కల క్లాసులో గోడ పక్కన, కుడివైపు చివరి వరసలో ఆమె చోటు. అడిగితే పలకదు. రెండోసారి అడిగితే పక్కపిల్ల నోటుపుస్తకంలోకి చూస్తుంది. మూడోసారికి ఏదో ఒకటి చెబుతుంది, దానికీ అడిగినదానికీ పొంతన ఉండదు. మూగనోము పట్టావా అని గళ్ల మాస్టారు ఒకసారి విసుక్కుంటే పిల్లలు దాన్నే పేరు చేసేశారు. స్టాఫ్ రూములోనూ అందరూ ఆ పేరే అనేవారు. భాషా టీచరు మాత్రం ఆ పిల్ల తన క్లాసులో నోరు మూయదని, పాఠాన్ని తన మాటల్లో చెప్పమంటే కళ్లకు కట్టినట్టు చెబుతుందని, ఇద్దరూ ఒకే పిల్ల గురించి మాట్లాడుతున్నారా అని అనుమానంగా ఉందని అనేది. కథలు చెప్పడానికేం, లెక్క వచ్చినప్పుడే తెలుస్తుంది ఎవరి సత్తా ఎంతో అని గళ్ల మాస్టారు కొట్టిపారేసేవారు.

అర్ధ సంవత్సర పరీక్షలయ్యాయి. వెనకబడిన పిల్లల్ని వేరు చేసి ప్రత్యేకంగా చెప్పాలన్నది కూడా ఒక సిఫార్సే. ఈ బడిలో దానికి చేయూత సెక్షను అని పేరు పెట్టారు. అక్కడ సగం పాఠాలు తీసేసి మిగతా సగమే చెబుతారు. సగం పాఠాలు నేర్చుకున్న పిల్ల పూర్తి పాఠాల క్లాసులోకి మళ్లీ ఎలా వస్తుంది? అందుకే చేయూత అందుకున్నవాళ్లు ఎవరూ ఇంతవరకు తిరిగి రాలేదు. ఆ ఏడాది ఏడో తరగతి నుంచి ఐదుగురి పేర్లు తేలాయి. వచ్చే శుక్రవారం గళ్ల మాస్టారూ హెడ్ మేడమూ సంతకాలు పెడితే పై సోమవారం నుంచి వాళ్లు ఆ సెక్షన్లో కూర్చోవాలి. ఐదుగురిలో ఆ పిల్ల ఒకతె. లెక్కల్లో సున్నాకు దగ్గరగా వచ్చిన మార్కులు చూపించి ఆ పేరూ, మిగతా నలుగురి పేర్లూ ఇచ్చింది గళ్ల మాస్టారే.

ఆ శుక్రవారానికి ముందు సోమవారం ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. కొలతల టేపు మెడలోనే ఉంది, తీయడం మరిచిపోయినట్టుంది. వరండాలో గళ్ల మాస్టారు ఎదురైతే ఆయన్నే పట్టుకుంది.

"ఇంట్లో దానికి నోరు మూతపడదండీ," అంది. "నేను కొలతలు చెబుతుంటే గుడ్డ ఎంత పడుతుందో అదే చెబుతుంది. బడికొస్తే దానికేమవుతుందో నాకు తెలీట్లేదు."

ఇన్నేళ్లలో ఆయన ఎంతమంది తల్లుల నోట ఈ మాట విన్నారో. ఇంట్లో పులులు కాని పిల్లలు ఎక్కడున్నారు? చేయూత సెక్షన్లో బాగా చూసుకుంటారని నాలుగు మంచి మాటలు చెప్పి పంపేశారు. ఆవిడ గేటు దాకా వెళ్లి, ఇంకేమైనా అడగాలా అన్నట్టు ఒకసారి ఆగి, వెళ్లిపోయింది.

ఆ సోమవారమే ఇంకో కాగితం వచ్చింది. సిఫార్సు చేసిన పద్ధతులు మిడిల్ స్కూళ్లలో ఎంతవరకు అమలవుతున్నాయో తేల్చడానికి సర్వే చేస్తున్నారట. శుక్రవారం ఒక అధికారి వస్తాడు, ఈలోగా ప్రశ్నలకు జవాబులు రాసి ఉంచాలి. హెడ్ మేడమ్ దాన్ని గళ్ల మాస్టారికిచ్చారు. ఒక తరగతి టీచర్లు కలిసి ఎన్నాళ్లకొకసారి కూర్చుంటారు అన్న ప్రశ్న దగ్గర ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, ప్రతి వారం అని రాశారు. అబద్ధం రాస్తున్నానని ఆయనకు తోచనే లేదు. ఎందుకు తోస్తుంది? అట్ట మీద ఉంది కదా. పక్కన కూర్చుని పుస్తకాలు దిద్దుతున్న భాషా టీచరు అది చూసింది.

"మనం కూర్చున్నది ఏ బుధవారం మాస్టారూ?" అంది మెల్లగా.

ఆమె గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. అదే ఆయనకు గుచ్చుకుంది. నా పని టైంటేబులు వేయడం, మిమ్మల్ని చేయి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీల్లో కూర్చోబెట్టడం కాదని విసురుగా అని లేచిపోయారు. ఆ రాత్రి అన్నం దగ్గర భార్యకు జరిగిందంతా ఏకరువు పెట్టారు. వేసవంతా ఒళ్లు హూనం చేసుకుని ఆ గంట సంపాదిస్తే, నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి చేత మాట పడాల్సి వచ్చిందని వాపోయారు.

ఆవిడ ఆయన కంచంలో ఇంకొంచెం కూర వేసింది. "అన్నం తినే గంట అని మీరు గడి గీస్తే, నా పొయ్యి దానంతటది వెలుగుతుందా ఏమిటండీ?" అంది.

ఆయన తినేసి చేయి కడుక్కున్నారు.

బుధవారం పొద్దున మళ్లీ ఇద్దరు సెలవు పెట్టారు. ఆరో తరగతిలో ఒక సెక్షను, ఎనిమిదో తరగతిలో ఒక సెక్షను మూడో పీరియడ్‌లో ఖాళీ. గళ్ల మాస్టారు అలవాటుగా రెండు చీటీలు రాశారు. ఒకటి భాషా టీచరు పేరు మీద. అటెండరు కనిపించకపోవడంతో ఆ చీటీ తనే ఇద్దామని బయల్దేరారు. స్టాఫ్ రూములో ఆమె లేదు. లైబ్రరీలో లేదు. ల్యాబు పక్క గది తలుపు తీసి ఉంటే తొంగి చూశారు.

ఆమె ఆ ఆరు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని ఉంది. మిగతా ఐదు కుర్చీలూ తుడిచి గుండ్రంగా జరిపి ఉన్నాయి. ప్రతి బుధవారం చీటీ వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానని, ఎవరైనా ఖాళీ దొరికి వస్తారేమోనని చూస్తానని చెప్పింది. చెప్పేసి, చీటీ కోసం చేయి చాపింది.

ఆయనకు సిగ్గేసింది. అలాంటి ఇలాంటి సిగ్గు కాదు. తను అంత కష్టపడి సంపాదించిన గంటను తనే వారం వారం ముక్కలు చేసి పంచేస్తున్నానని, దాన్ని కాపలా కాస్తున్నది ఈ అమ్మాయి ఒక్కతేనని అప్పుడు తెలిసింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నువ్వు ఇక్కడే ఉండమ్మా, మిగతావాళ్లను పంపిస్తాను," అన్నారు.

చకచకా తిరిగి నలుగురినీ పోగేశారు. సోషల్ టీచరు తలనొప్పి అంది, డ్రాయింగు మాస్టారు రంగులు ఆరబెట్టాలన్నాడు. ఆయన వినిపించుకోలేదు. మరి ఖాళీగా ఉన్న రెండు సెక్షన్లు? ఆరో తరగతినీ ఎనిమిదో తరగతినీ కలిపి పెద్ద హాల్లో కూర్చోబెట్టి, తనే వాళ్ల ముందు నిలబడ్డారు. ఏడో తరగతికి పాఠం చెప్పే ఆరుగురిలో తనూ ఒకణ్నన్న సంగతి ఆయనకు గుర్తుంది. కానీ లెక్కలకేముంది, మార్కులు చూస్తే చాలు, తను లేకపోయినా నష్టం లేదనుకున్నారు. అంతమందిని ఒక్కచోట అదుపులో ఉంచేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

సగం పీరియడ్ గడిచాక సైన్సు టీచరు మోకాలు పట్టుకుంటూ హాల్లోకి వచ్చింది. పిల్లల్ని తను చూసుకుంటానని, ఆయన్ని వెంటనే గదికి వెళ్లమని చెప్పింది. అక్కడ ఒక్కటి తేలడం లేదట, ఆయనే చెప్పాలట.

గదిలో ఆయన ఊహించని దృశ్యం కనిపించింది. సోషల్ టీచరూ డ్రాయింగు మాస్టారూ పక్కపక్కనే కూర్చుని, ఒకరి మాట ఒకరు అందుకుని మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుతున్నది ఆ పిల్ల గురించి. తన క్లాసులో ఎక్కడ కూర్చున్నా అడగనని, ఆ పిల్ల మాత్రం రోజూ వచ్చి తనకు సరిగ్గా కుడివైపు ఉండేలా చోటు వెతుక్కుంటుందని భాషా టీచరు చెప్పింది. మైదానంలో ఎడమవైపు నుంచి విజిల్ వేస్తే ఆ పిల్ల కదలదని, బద్ధకమనుకుని ఎన్నోసార్లు పరుగు పెట్టించానని ఆటల మాస్టారు తల గోక్కుంటూ చెప్పాడు. బొమ్మ ఎలా వేయాలో చెబుతుంటే వినదని, పక్కవాళ్లు మొదలుపెట్టాక వాళ్ల చేతులు చూసి వేస్తుందని, అయినా అందరికంటే బాగా వేస్తుందని డ్రాయింగు మాస్టారు అన్నాడు. ల్యాబులో స్టూలు ఎప్పుడూ పక్కకు తిప్పుకుని కూర్చుంటుందని సైన్సు టీచరు చెప్పి వెళ్లిందట.

"మీ క్లాసులో ఆ పిల్ల చోటు ఎక్కడ మాస్టారూ?" అని అడిగింది భాషా టీచరు.

కుడివైపు గోడ పక్కన అన్నారాయన. మీరు ఎక్కడ నిలబడి చెబుతారని ఆటల మాస్టారు అడిగాడు. బోర్డు కుడి సగం మీద కిటికీ వెలుగు పడి రాసింది కనిపించదు కాబట్టి తను ఎప్పుడూ ఎడమవైపే నిలబడతానని చెప్పబోయారు. ఆ మాట సగంలో ఉండగానే ఆయనకు విషయం అర్థమైంది. ఆ పిల్లకు వినిపించే చెవి గోడవైపు ఉంది. వినిపించని చెవి తన వైపు ఉంది. ఏడాది మొదట్లో తనే వేలు పెట్టి చూపించి అక్కడ కూర్చోబెట్టారు, లేస్తే ఊరుకోనన్నారు.

అయినా అంత తొందరగా ఒప్పుకోబుద్ధి కాలేదు. వినిపించకపోవడమేమిటి, నేను గట్టిగా పిలిస్తే తలెత్తి చూస్తుంది కదా అన్నారు. దానికి జవాబు సోషల్ టీచరు చెప్పింది.

"మీరు పిలిచినప్పుడు కాదు మాస్టారూ. క్లాసంతా తన వైపు తిరిగినప్పుడు చూస్తుంది. నేనూ ఇప్పుడే గ్రహించాను."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. మూగనోము అన్న మాట తన నోటి నుంచే వచ్చింది. వాళ్లలో ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. ప్రతివాళ్ల దగ్గరా ఒక ముక్క ఉంది, ఎవరి ముక్క వాళ్లు జేబులో పెట్టుకుని ఇన్నాళ్లూ తిరిగారు. అందరికీ అదే ఆలోచన.

మధ్యాహ్నం ఆయనకు ఏడో తరగతి ఉంది. క్లాసులోకి వెళ్లి, గోడ పక్కనున్న ఆ పిల్లను, ఎడమవైపు చివర కిటికీ దగ్గర కూర్చునే పిల్లను చోట్లు మార్చుకోమన్నారు. గళ్ల మాస్టారు చోటు మార్చడమేమిటని క్లాసంతా ముక్కున వేలేసుకుంది. ఎందుకైనా మంచిదని తనూ బోర్డు దగ్గరినుంచి బల్లల మధ్యకు వచ్చి, ఆ పిల్లకు కుడిపక్కన నిలబడ్డారు. గొంతు పెంచలేదు. మూడు మీటర్ల గుడ్డలో నాలుగో వంతు కత్తిరిస్తే ఎంత మిగులుతుందని అడిగారు.

ఆ పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. పక్కపిల్ల పుస్తకంలోకి చూడలేదు. కాసేపు వేళ్లు ముడిచి విప్పి, రెండూ ముప్పావు మీటర్లండీ అంది.

జవాబు తప్పు. మూడింటిలో నాలుగో వంతు బదులు ఒక మీటరులో నాలుగో వంతు తీసేసింది. కానీ ఆయన అడిగిన ప్రశ్నకే చెప్పింది. ఏడాదిలో మొదటిసారి ఆ పిల్ల తన ప్రశ్నకు జవాబు చెప్పింది, ఆ తప్పులో కూడా ఒక ఆలోచన ఉంది. గళ్ల మాస్టారికి కళ్లు చెమర్చాయి. అద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించి, తప్పు ఎక్కడ జరిగిందో ఆ పిల్ల పక్కనే వంగి చెప్పారు. రెండోసారి సరిగ్గా చెప్పింది.

సాయంత్రం తల్లిని పిలిపించారు. మర్నాడు ఆవిడ కొట్టు మూసేసి పిల్లను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చిన్నప్పుడెప్పుడో చీము పట్టి ఎడమ చెవి చాలావరకు పోయిందని డాక్టరు తేల్చాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని తల్లి ఏడుస్తూ అడిగితే, అందరికీ ఒక చెవితోనే వినిపిస్తుందనుకున్నానని ఆ పిల్ల చెప్పిందట. బట్టలు కుట్టేటప్పుడు కూతురు తనకు ఎప్పుడూ ఒకే పక్క కూర్చునేదని తల్లికి అప్పుడు గుర్తొచ్చింది. నేనూ గ్రహించలేదండీ అని గళ్ల మాస్టారితో అంది. ఆవిడ ఆయన్ని తప్పుపట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

శుక్రవారం సర్వే అధికారి వచ్చాడు. నెమ్మదస్తుడు, చేతిలో చిన్న సంచీ. హెడ్ మేడమ్ గదిలో కూర్చుని ఒక్కో జవాబూ చదువుతూ ఒకచోట ఆగాడు. ప్రతి వారం అన్నది కొట్టేసి, ఒక్కసారి అని రాసి, పక్కన గళ్ల మాస్టారు సంతకం చేసి ఉన్నారు. హెడ్ మేడమ్ అప్పుడే చూశారు, ముఖం ఎర్రబడింది. తను తిరిగిన బళ్లన్నిటిలో ప్రతి వారం అనే రాశారని, ఇక్కడేమిటి ఇలా ఉందని అధికారి అడిగాడు.

"మేమూ ప్రతి వారం అనే రాశామండీ, నిజంగా కూర్చునేదాకా," అన్నారు గళ్ల మాస్టారు.

అధికారి నవ్వబోయి ఆగాడు. సంచీలోంచి పుస్తకం తీసి, ఆ ఒక్కసారి ఏం జరిగిందో చెప్పమన్నాడు. విన్నదంతా రాసుకుని, టీ తాగి వెళ్లిపోయాడు.

అధికారి గేటు దాటగానే హెడ్ మేడమ్ కోపం బయటపడింది. ఊళ్లో బళ్లన్నీ బాగున్నట్టు, మన బడి ఒక్కటే బాగోలేనట్టు లెక్క తేలుతుంది, ఈ సత్యసంధత ఎవరికి కావాలి అని గట్టిగానే అడిగారు. గళ్ల మాస్టారు తల వంచుకుని విన్నారు. కాస్త చల్లబడ్డాక ఆవిడ, సరే, ఆ పిల్ల పేరు కొట్టేశాను కదా, మిగతా నలుగురి పేర్ల కింద మీ సంతకం పెట్టండి, సోమవారం వాళ్లను చేయూత సెక్షనుకు పంపుదాం అంటూ కాగితం ఆయన ముందుకు జరిపారు.

ఆయన పెన్ను తీయలేదు.

"ఈ నలుగురి గురించి నేనేం రాశానో నాకు తెలుసు మేడమ్," అన్నారు. "వీళ్లెవరో మాత్రం తెలీదు. తెలిసేదాకా ఆపండి."

హెడ్ మేడమ్ ఆ నాలుగు పేర్లనూ ఒక్కొక్కటిగా చదివారు. ఆవిడా ఒకప్పుడు పాఠాలు చెప్పిన మనిషే, ఆ కుర్చీలోకి వచ్చాక క్లాసు ముఖం చూడలేదు. చివరికి, మళ్లీ ఎప్పుడు కూర్చుంటారని అడిగారు. ఈ రోజే అన్నారాయన. పొద్దుటినుంచీ ముక్కలు జరిపి జరిపి ఆఖరి పీరియడ్‌లో ఐదుగురిని ఖాళీ చేశానని, ఆ గంటలో తనకొక్కడికే ఎనిమిదో తరగతి ఉందని, ఈసారి తను లేకుండా వాళ్లను కూర్చోబెట్టడం ఇష్టం లేదని చెప్పారు. ఆ క్లాసుకు పంపడానికి బడిలో ఇంక ఎవరూ మిగల్లేదన్నారు.

బెల్లు కొట్టారు. హెడ్ మేడమ్ లేచి, కళ్లజోడు సర్దుకుని ఆయన ముందు చేయి చాపారు.

"చాక్‌పీసు ఇలా ఇవ్వండి," అన్నారు.